కెప్టెన్ని మోసుకొచ్చినవాడు

ఆ ఏడు గడ్డికోతలప్పుడు పాస్టరుగారి సైకిలు కనిపిస్తే మా ఊరు ఊరంతా నోరు మూసుకునేది.

రష్యావాళ్ళతో ఆగుతూ సాగుతూ వచ్చిన యుద్ధం, నలభై నాలుగు జూన్‌లో కట్ట తెగినట్టు ఒక్కసారిగా మా సైన్యం మీద పడింది. వారం తిరక్కుండానే చావు కబుర్లు మొదలయ్యాయి. ఆ కబుర్లు ఇళ్ళకి చేర్చే పని పాస్టరుగారిది. ఆయన సైకిలు వంతెన దాటిందంటే పొలాల్లో ఉన్న ఆడవాళ్ళం ఎక్కడివాళ్ళం అక్కడే నిలబడిపోయేవాళ్ళం. సైకిలు మన కంచె దాటి ముందుకు పోతే గుండెనిండా ఊపిరి పీల్చుకునేవాళ్ళం. పీల్చుకున్నందుకు సిగ్గుపడి, తలొంచుకుని మళ్ళీ గడ్డి లాగేవాళ్ళం.

ఆ రోజు సైకిలు మా కంచె దగ్గరే ఆగింది.

పొలంలో ముగ్గురమే ఉన్నాం. అమ్మ, నేను, హెల్వి వదిన. మా వైపు కోసిన గడ్డిని పొలంలోనే పాతిన గుంజలకి ఎక్కించి ఆరబెడతాం. వదినకి ఆ పని చేతకాదు. ఆమె వాసా పట్నంలో మందుల దుకాణం వాళ్ళమ్మాయి. అన్నయ్య యుద్ధానికి పోయాక మా ఇంటికొచ్చింది. మెత్తటి అరచేతులకి గుడ్డలు చుట్టుకుని, ఆమె గుంజకెక్కించిన గడ్డి ఆమె వెనక్కి తిరగ్గానే జారిపోతుంటే, నేను మాట్లాడకుండా వెళ్ళి మళ్ళీ ఎక్కించేదాన్ని. మాట్లాడకపోవడమే నా తిట్టని ఆమెకి తెలుసు.

పాస్టరుగారు టోపీ తీసి పొలానికి అడ్డంగా నడిచొచ్చారు.

"అమండమ్మా," అన్నారు అమ్మతో. ఆ తర్వాత వదిన వైపు తిరిగారు. కబురు ముందు భార్యకి చెప్పాలట.

"యల్మరి కదూ," అంది అమ్మ ఆయన్ని చెప్పనివ్వకుండా.

"దేశం కోసం వీరమరణం..."

"ఆ మాటలు వద్దు," అంది వదిన. "ఆయన్ని తెస్తున్నారా?"

"తెస్తున్నారమ్మా. రైలెక్కించారు. కర్నల్ గారే స్వయంగా అంత్యక్రియలకి వస్తున్నారు. ఇంకో శిలువ పతకం కూడా ఇస్తున్నారు."

వదిన తలాడించింది. చేతికి చుట్టిన గుడ్డలు విప్పి, మళ్ళీ చుట్టుకుంది. అమ్మ కోసిన గడ్డి మీదే కూర్చుండిపోయింది. నేను ఏడవడం మొదలుపెట్టేలోపే పాస్టరుగారు సైకిలు వైపు పోకుండా కాలవ మీద వేసిన పలక దాటి పక్క పొలంలోకి నడవడం చూశాను. అది సైమా పొలం. మొగుడు పోయిన మనిషి, ఒక్కడే కొడుకు ఎస్కో. వాడూ సైన్యంలో అన్నయ్య కెప్టెనుగా ఉన్న కంపెనీలోనే ఉన్నాడు.

సైమా గడ్డి లాగుతూనే వింది. ఆమె అడిగిన మాట మాకు కాలవ ఇవతలికి స్పష్టంగా వినిపించింది.

"పెట్టె ఎప్పుడొస్తుంది?"

పాస్టరుగారు ఏదో గొణిగారు.

"అంటే? అక్కడే వదిలేశారా? మరి కెప్టెనో? కెప్టెన్ని తెచ్చారా?"

ఆయన జవాబు వినపడలేదు. వినపడాల్సిన పనీ లేదు. సైమా తల తిప్పి మా వైపు చూసింది.

*

అన్నయ్య పుట్టు సైనికుడేం కాదు. బడి మాస్టారు. చలికాలం పిల్లల కాళ్ళకి మంచు మీద జారే స్కీలు కట్టి అడవిలోకి తీసుకెళ్ళేవాడు. వెనకపడ్డవాణ్ణి నానా తిట్లూ తిట్టి, ఆ తర్వాత వాణ్ణే వీపున ఎక్కించుకుని తెచ్చేవాడు. ముప్పై తొమ్మిది చలికాలపు యుద్ధంలో శత్రువులు చుట్టుముట్టిన తన మనుషుల్ని మూడు రాత్రులు మంచులో పాకించి ప్రాణాలతో బయటికి తెచ్చాడు. అప్పుడే మొదటి శిలువ ఇచ్చారు. ఆ మంచుకే ఎడమకాలి వేళ్ళు రెండు పోయాయి. ఎవరైనా పతకం సంగతి అడిగితే, "రెండు వేళ్ళిచ్చి ఒక రేకుముక్క తెచ్చుకున్నా, నా అంత తెలివైన బేరగాడు లేడు," అనేవాడు.

యుద్ధం మళ్ళీ మొదలైనప్పుడు ఆయన కెప్టెను. ఆయన కంపెనీలో సగం మంది ఆయన బడి పిల్లలే. 'మాస్టారి దగ్గరుంటే మావాడికి భయం లేదు' అని తల్లులు చెప్పుకునేవాళ్ళు. ఎస్కోకి పద్దెనిమిది నిండి పిలుపొచ్చినప్పుడు సైమా మా వంటింట్లోకొచ్చి, సెలవు మీద ఇంటికొచ్చిన అన్నయ్య చేతులు పట్టుకుంది.

"నీ కంపెనీలోనే వేయించుకో నాయనా. వేరేవాళ్ళ చేతికివ్వకు."

అన్నయ్య ఎవరెవరికో చెప్పి వేయించుకున్నాడు.

కబురొచ్చిన మర్నాడు అదే సైమా మా వాకిట్లో నిలబడి అరిచింది.

"అమండా! బయటికి రా! నీ కొడుకు జెండా కప్పుకుని రైల్లో వస్తున్నాడట కదా. నా కొడుకు కాకులకా? కెప్టెన్ శవం శవమూ, మావాడి శవం చెత్తా?"

అమ్మ గుమ్మంలో నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మా అన్నయ్య ఏం చేశాడు సైమా? నువ్వే కదా వచ్చి చేతులు పట్టుకుని బతిమాలావు, నీ కంపెనీలో వేయించుకో అని!"

"అవును, నేనే!" అంది. ఆ కళ్ళలో ఒక్క చుక్క నీళ్ళు లేవు. "నేనే బతిమాలాను. నేనే అప్పగించాను. ఆ మాట నువ్వు చెప్పాలటే ఐలీ నాకు? రాత్రంతా గోడకి అదే చెప్పుకున్నాను. మీవాడు మావాడికి అక్షరాలు నేర్పాడు, స్కీలు నేర్పాడు, తుపాకీ నేర్పాడు. ఇంటికి రావడం మాత్రం తనొక్కడే నేర్చుకున్నాడు."

మా గేటుని కాలితో తన్ని వెళ్ళిపోయింది. వదిన కిటికీ దగ్గర నిలబడి అంతా వింది. ఆ తర్వాత లోపలికి పోయి బల్లగుడ్డ ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టింది.

నాకు అంతకంటే ఒళ్ళు మండిన సంగతి అది. కర్నల్ గారొస్తున్నారని ఆమె ఇల్లంతా కడిగింది. ఊళ్ళో అందరం రొట్టెకి వాడే రై గింజలు మాడ్చి కాఫీ అనుకుని తాగుతుంటే, ఆమె పుట్టింటివాళ్ళని అడిగి గుప్పెడు నిజం కాఫీ గింజలు తెప్పించింది.

"ఆయన మనకి చుట్టమా వదినా, ఈ హడావుడి?" అన్నాను.

"మీ అన్నయ్యకి దక్కాల్సిన గౌరవం ఐలీ అది. ఇంకేం మిగిలింది నాకు?" అంది, ఇస్త్రీపెట్టె మీంచి కళ్ళెత్తకుండా.

*

అన్నయ్య శవపెట్టె రావడానికి ముందురోజు మధ్యాహ్నం రెయినో వచ్చాడు. మిల్లువాళ్ళబ్బాయి, అన్నయ్య కంపెనీలో మెషీన్‌గన్ పేల్చేవాడు. కుడిచెయ్యి మోచేతిపైన తీసేశారు. ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చాడు. స్నానాలగది ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన పుల్లపాల గిన్నెని ఎడమచేత్తో పట్టుకోవడం ఇంకా అలవాటు కాక, సగం ప్యాంటు మీద పోసుకున్నాడు.

"ఎలా జరిగింది?" అంది వదిన.

"పాస్టరుగారు చెప్పలేదా?"

"వీరమరణమన్నారు. ఎలా జరిగిందని నిన్నడుగుతున్నాను."

రెయినో అమ్మ మొహం చూశాడు. అమ్మ చెప్పమన్నట్టు తల ఊపింది.

"ఒక కుగ్రామం ఉందండి. నాలుగు కాలిన ఇళ్ళు. దానికి ముందంతా బోసి పొలం, ఒక్క పొద కూడా లేదు. పొద్దున దాని మీదికి పోయి సగంమందిమి తిరిగొచ్చాం. మధ్యాహ్నం మళ్ళీ పొమ్మని కర్నల్ ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను, మాస్టారన్నవన్నీ విన్నాను. మాస్టారన్నాడు: 'అయ్యా, ఆ ఊరు తీసుకున్నా రేపటికల్లా వదులుకోవాలి. మన సైన్యం ఎలాగూ వెనక్కి జరుగుతోంది. ఇక్కడున్నది నా బడి పిల్లలు. ఇంకోసారి ఆ పొలంలోకి నేను తోలను' అన్నాడు."

"ఊఁ," అంది వదిన.

"అవతలివాడు ఏమన్నాడో నాకు వినపడలేదు. మాస్టారి మొహం మాత్రం పాలిపోయింది. 'భయమా?' అన్నాడు ఫోన్లో. 'భయం అన్నారా మీరు నన్ను?' ఇంకేం మాట్లాడలేదండి. ఫోను పెట్టేశాడు. ఎప్పుడూ ఎవరో ఒకరం వెనకుండమంటే ఉండేవాడు, ఆ రోజు వినలేదు. అందరికంటే ముందు లేచాడు. ఆ ఊరి కంచె దాకా కూడా పోలేదు. ఆయన పడగానే మేం వెనక్కొచ్చేశాం."

"ఒక్క మాటకి," అంది వదిన. గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలియాలి. "ఒక్క మాట అన్నందుకు పోయాడా? అంత చదువుకున్నవాడు?"

"అంతేనండి."

అంతా అయిపోయిందనుకున్నాం. కానీ రెయినో లేవలేదు.

"సాయంత్రం మళ్ళీ ఫోనొచ్చిందండి. ఈసారి మాస్టారి కోసం. పతకం ఉన్న కెప్టెన్ శవాన్ని శత్రువుకి వదిలేస్తారా, ఫొటో తీసి వాళ్ళ పేపర్లో వేసుకుంటే రెజిమెంటు పరువేం కావాలి, వెంటనే తెండి అని. పట్టపగల్లాంటి వెలుతురు. చీకటి పడని రోజులు కదా. చీటీలు వేసుకుందామన్నాం. ఎస్కో ఒప్పుకోలేదు. 'మనలో పెళ్ళికాని వెధవని నేనొక్కణ్ణే, నేను పోతాలే' అని నవ్వాడు. గుడారంగుడ్డ ఒకటి తీసుకుని పాక్కుంటూ పోయాడు. మాస్టార్ని ఆ గుడ్డ మీదికి దొర్లించి, ఆ పొలమంతా లాక్కుంటూ వచ్చాడు. నేను కందకంలోంచి లేచి గుడ్డ కొస అందుకున్నాను. అప్పుడే నా చెయ్యి పోయింది. వాడికి మెడలో తగిలింది. మాస్టారు ఇవతల పడ్డాడు, వాడు అవతల పడ్డాడు. తెల్లారి మా లైను మొత్తాన్ని వెనక్కి జరపమని ఆర్డరొచ్చింది. నేను స్ట్రెచరు మీద ఉన్నాను. వాణ్ణి తీసుకురమ్మని మాత్రం ఎవరూ ఫోను చెయ్యలేదండి."

రెయినో లేచి గిన్నె బెంచీ మీద పెట్టాడు.

"సైమాకి చెప్పావా?" అంది అమ్మ.

"ఇప్పుడు అటే పోతున్నా. మీకే ముందు చెప్పాలనుకున్నాను, ఆవిడ ఇటు వస్తే మీకు తెలిసుండాలని."

సైమా రాలేదు. ఆమె పొలంలో గడ్డి కోసింది కోసినట్టే నేలమీద పడి నల్లబడిపోతోంది. ఆ సాయంత్రం వదిన, ఇస్త్రీ చేసిన బల్లగుడ్డని మడత పెట్టి బట్టలపెట్టెలో పడేసింది. ఆమె మనసులో ఏముందో నాకు అర్థం కాలేదు. రేపు కర్నల్ ముందు గౌరవంగా తల వంచి పతకం తీసుకుంటుందనే అనుకున్నాను. ఆ రాత్రి ఆమె మీద పళ్ళు నూరుకుంటూనే పడుకున్నాను.

*

అంత్యక్రియలకి ఊరంతా వచ్చింది. చర్చి పక్కన, యుద్ధంలో పోయినవాళ్ళ వరసలో అన్నయ్య కోసం గొయ్యి తవ్వారు. పెట్టె మీద నీలం శిలువ ఉన్న మా జెండా కప్పారు. సైమా లోపలికి రాలేదు. చర్చి రాతిగోడకి అవతల, రోజూ పొలంలో కట్టుకునే గౌనుతోనే నిలబడి చూస్తోంది.

కర్నల్ కార్లో వచ్చాడు. పొడుగ్గా, నున్నగా గడ్డం గీసుకుని ఉన్నాడు. వెనకాల పతకం పెట్టె పట్టుకుని ఒక కుర్ర ఆఫీసరు. కర్నల్ వదినకి సెల్యూట్ చేసి, గొయ్యి పక్కన నిలబడి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. గొంతు బాగుంది. చెప్పిన మాటలూ బాగున్నాయి. యల్మరి లాంటి అధికారి తన రెజిమెంటులో ఇంకొకడు లేడన్నాడు. చలికాలపు యుద్ధం సంగతి చెప్పాడు. చివరి రోజు ఆదేశం అందగానే ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా ముందుకురికాడన్నాడు. రెయినో నేల మీద ఉమ్మేశాడు.

"అలాంటి నాయకుడి దేహాన్ని శత్రువుకి వదలడానికి మన సైనికుల మనసొప్పలేదు," అన్నాడు కర్నల్. "ఒక ధైర్యవంతుడైన సైనికుడు గుళ్ళవానకి ఎదురెళ్ళి, ప్రాణాలకి తెగించి, తన కెప్టెన్ని..."

"ఎవరండీ ఆ సైనికుడు?" అంది వదిన.

మామూలుగా అడిగింది. పక్కింటివాళ్ళ గురించి అడిగినట్టుంది ఆ గొంతు. కర్నల్ ఆగి ఆమె వైపు చూశాడు.

"మా రెజిమెంటు సైనికుడమ్మా."

"పేరేమిటి?"

కర్నల్ కుర్ర ఆఫీసరు వైపు చూశాడు. అతను పతకం పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని తల అడ్డంగా ఆడించాడు.

"ఆ రోజు చాలామంది..." అన్నాడు కర్నల్.

"మీరే కదా పంపించింది. వాళ్ళమ్మ అదిగో, గోడవతల నిలబడి ఉంది. ఆవిడ వైపు తిరిగి ఒక్కసారి పేరు చెప్పండి. తర్వాత మీరెంతసేపు మాట్లాడినా వింటాను."

ఊరి జనమంతా కర్నల్ మొహం వైపే చూస్తున్నారు. ఆయన మెడ మీద ఎరుపు మెల్లగా చెవుల దాకా పాకడం నేను చూశాను. ఎవరూ పేరు అందించలేదు. రెయినోకి తెలుసు, నాకు తెలుసు, అక్కడున్న ప్రతివాడికీ తెలుసు.

"తెలీదా?" అంది వదిన. "అయితే మా ఆయన గురించి మీరేం చెప్పకండి. ఆ పెట్టెలో ఉన్న మనిషికి ఆ పిల్లలందరి పేర్లూ తెలుసు."

కర్నల్ పతకం పెట్టె అందుకుని ముందుకి చాచాడు. వదిన చేతులు కట్టుకుంది. పెట్టె ఆయన చేతిలో అలాగే ఉండిపోయింది. పాస్టరుగారు గబగబా కీర్తన అందుకున్నారు. ముందు ఆయనొక్కరి గొంతే వినిపించింది, తర్వాత మెల్లగా జనం కలిశారు. కీర్తన పూర్తి కాకముందే కారు వెళ్ళిన చప్పుడు వినిపించింది. ఆ పతకాన్ని పాస్టరుగారింట్లో ఇచ్చి వెళ్ళారట. అది మా ఇంటి గడప ఎప్పుడూ తొక్కలేదు.

ఇంటికి పోతుంటే గోడ మలుపులో సైమా అడ్డమొచ్చింది. ఆమె మనసు కరిగుంటుందనుకున్నాను. కరగలేదు.

"నా కొడుకు పేరు నీ పంతానికి వాడుకోకు," అంది వదినతో.

"నేను వాడి పేరు ఎత్తలేదు సైమా," అంది వదిన. "ఆయన్ని అనమన్నాను, అంతే."

*

రెండ్రోజులకి ఊరి పోలీసు అధికారి వచ్చాడు. మా వంటింట్లో కూర్చుని, టోపీ మోకాలి మీద తిప్పుతూ, యుద్ధకాలంలో సైన్యాధికారిని పదిమందిలో అవమానించడం ఎంత పెద్ద తప్పో వివరించాడు.

"నేనేం మాట్లాడాను?" అంది వదిన. "ఒక మనిషి పేరడిగాను. పేరడగడం నేరమైతే అదే మాట రాసుకుపోండి. అక్షరం మార్చకుండా రాయండి."

ఆయన అమ్మ వైపు చూశాడు, సర్దిచెబుతుందేమోనని. "కాఫీ ఇచ్చేదాన్ని," అంది అమ్మ, "కానీ మంచి గింజలు ఇంటిమనుషులకే ఉంచుకున్నాం." ఆయన లేచి వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం ఆ కర్నల్ కోసం తెప్పించిన కాఫీ చిక్కగా కాచుకుని తాగాం. అన్నయ్య పోయాక మొదటిసారి నేను వదిన మొహం తిన్నగా చూశాను. కళ్ళ కింద నల్లగా ఉంది. దవడ బిగించే ఉంది. ఆమెని నేను అయిదేళ్ళలో ఎప్పుడూ ప్రేమగా అక్కా అనలేదు, ఆ రోజు కూడా అనలేదు కానీ, ఆమె తాగిన గిన్నె నేనే కడిగాను.

మర్నాటి నుంచీ ఆమె మా పని అవగానే కాలవ దాటి సైమా పొలంలోకి పోయేది. అడక్కుండానే గడ్డి గుంజలకెక్కించేది. మొదటిరోజు సైమా ఆమె ఎక్కించిన గడ్డంతా లాగి కింద పారేసింది. వదిన మళ్ళీ ఎక్కించింది. రెండో రోజూ అంతే. మూడో రోజు సైమా లాగలేదు. "గాలి ఇటు నుంచొస్తుంటే అటు ఎక్కిస్తారటే? పట్నం మొహమా," అంది. ఆ ఎండాకాలమంతా వాళ్ళిద్దరి మధ్యా నేను విన్న మాటలన్నీ ఇలాంటివే.

సెప్టెంబరు మొదట్లో యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు. ఊళ్ళో ఎవరూ కేరింతలు కొట్టలేదు. చర్చి గంట మోగించారు, ఆపేశారు. ఆ నాలుగిళ్ళ ఊరు, ఆ బోసి పొలం, దాని చుట్టుపక్కల ప్రాంతమంతా తర్వాత కుదిరిన సంధిలో రష్యావాళ్ళకి పోయింది. ఇక ఎస్కోని వెతకడానికి కూడా ఎవరూ వెళ్ళలేరు.

ఆ కబురొచ్చిన సాయంత్రం సైమా మా ఇంటికొచ్చింది. గేటు తన్నిన రోజు తర్వాత మా వాకిట్లో అడుగు పెట్టడం అదే మొదటిసారి. తలుపు తట్టకుండా వంటింట్లోకొచ్చి బెంచీ కొస మీద కూర్చుంది. అమ్మ రొట్టె కోసి ముందు పెట్టింది. ముట్టుకోలేదు. బంగాళాదుంపల తొక్కు తీస్తున్న వదిన వైపు చాలాసేపు చూసింది.

"నిన్నొక మాట అడుగుతాను," అంది చివరికి. "అబద్ధం చెప్పకు."

"అడుగు."

"మీ ఆయన బరువుండేవాడా?"

వదిన చేతిలో కత్తి ఆగిపోయింది. ఆమె సైమా కళ్ళలోకి చూసింది.

"ఉండేవాడు," అంది. "చాలా బరువు. మంచంలో పక్కకి తిప్పాలన్నా నా వల్ల అయ్యేది కాదు."

సైమా తలాడించింది. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

"మావాడు సన్నగా ఉండేవాడు," అంది. "రై బస్తా ఎత్తమంటే ఎత్తలేకపోయేవాడు. నేనే ఎత్తేదాన్ని."